గింజ నిద్ర – మొలక తొందర

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



రాత్రి పడుకోబోయే ముందు గుప్పెడు పెసలు నీళ్ళల్లో పోసి, పొద్దున్నే వంచేసి తడిగుడ్డలో మూట కట్టడం మనందరికీ అలవాటున్న పనే. మర్నాడు మూట విప్పితే తెల్లటి మొలకలు. అయితే కాస్త శ్రద్ధగా చూడండి, అన్నీ ఒక్కలా ఉండవు. కొన్నింటికి గోరంత పొడుగు మొలక వచ్చేసి ఉంటుంది. కొన్ని అప్పుడే ముక్కు బయటపెట్టినట్టుంటాయి. ఇక అయిదో ఆరో గింజలు మాత్రం మనం పోసినప్పుడెలా ఉన్నాయో అలాగే గులకరాళ్ళలా ఉండిపోతాయి. పంటికింద పడితే ప్రాణం జివ్వుమంటుంది.

పొలం ఒకటే, సంచీ ఒకటే, నీళ్ళూ గుడ్డా ఒకటే. మరి ఒక గింజకి అంత తొందరేమిటి, ఇంకో గింజకి అంత బద్ధకమేమిటి? ఇవాళ దాన్ని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం. పెసలతో మొదలుపెట్టాను గానీ ఈ కథ మన అన్నం కంచం దాకా వెళుతుంది. తుపాను వానకి కంకిమీదే మొలిచిపోయే ధాన్యం గొడవ కూడా ఇందులోదే.

గింజ అంటే ఏమిటి? ఒక చిన్న మొక్కబిడ్డ, దానికి కట్టిచ్చిన చద్దిమూట, పైన ఒక తొడుగు. నీళ్ళు తగలగానే ఉబ్బుతుంది. ఉబ్బింది గనక ప్రాణం ఉందనుకోకండి. చచ్చిన గింజ కూడా ఉబ్బుతుంది, ఎండుకొయ్య నీళ్ళు పీల్చుకున్నట్టే. ఉబ్బడం అయ్యాక కొన్ని గంటలపాటు పైకి ఏమీ జరగనట్టే ఉంటుంది. అసలు పనంతా అప్పుడే లోపల జరుగుతుంది. ఎండిపోయి పడున్న ఇంట్లోకి చాలాకాలానికి కాపురానికి వచ్చిన ఇల్లాలు ముందు దుమ్ము దులిపి, పొయ్యి బాగుచేసుకుని, అప్పుడు అగ్గిపుల్ల గీస్తుంది చూడండి, అలా లోపల పాడైనవన్నీ బాగుచేసుకుంటుంది. ఆ తరవాత వేరు ముక్కు తొడుగుని చీల్చుకుని బయటికొస్తుంది.

ఒకసారి వేరు బయటికొచ్చి పొడుగు సాగిందంటే ఇక వెనక్కి పోవడానికి లేదు. మళ్ళీ ఎండితే చావే. అందుకని మొలవాలా, ఇంకొన్నాళ్ళు ఆగాలా అన్నది గింజ తన జన్మలో ఒక్కసారే చేసుకునే నిర్ణయం. ఆ నిర్ణయంలో నీటికీ వేడికీ వాటా ఉన్నా, పెద్ద వాటా వంశానిది. అమ్మమ్మ ముక్కూ తాతగారి గొంతూ పిల్లలకి వచ్చినట్టే తొందరగా మొలిచే గుణం, ఆలస్యంగా మొలిచే గుణం తల్లిదండ్రుల నించి సంక్రమిస్తాయి. వాటిని మోసేవాటినే జన్యువులు, జీన్స్ అంటున్నాం.

రాతిగింజ సంగతి ముందు తేల్చేద్దాం. అది నిర్ణయం దాకా రానేరాదు. దాని తొడుగు నీటిని లోపలికి రానివ్వదు. మూడురోజులు నానబెట్టినా లోపల పొడిగానే ఉంటుంది. ఆ గింజనే గరుకు బండమీద నాలుగుసార్లు రుద్ది నానెయ్యండి, తక్కినవాటిలాగే మొలుస్తుంది. తొడుగు ఎక్కడో గీసుకుపోయి నీళ్ళకి దారి దొరుకుతుంది, అంతే. విత్తనాల పరీక్షశాలల వాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. పెసర విత్తనం అమ్మాలంటే నూటికి కనీసం 75 మొలవాలని మన దేశంలో నిబంధన. ఆ లెక్కలో రాతిగింజల్ని కూడా బతికున్నవాటి కిందే కలుపుకుంటారు.

ఇక్కడొక చిత్రం ఉంది. లోపలి బిడ్డ సగం తల్లిది, సగం తండ్రిది. పైతొడుగు మాత్రం అచ్చంగా తల్లిదే. తల్లి తన కొంగే చింపి కప్పి పంపినట్టన్నమాట. కనక గింజ రాయిలా ఉండాలా మెత్తగా ఉండాలా అన్నది చాలావరకు తల్లి మొక్క జన్యువులనిబట్టి ఉంటుంది, బిడ్డ జన్యువులనిబట్టి కాదు. పెసలకి దాయాది అయిన సోయా చిక్కుడులో ఇటువంటి జన్యువునొకదాన్ని అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళు 2015లో పట్టుకున్నారు. అడవి సోయాలో ఆ జన్యువు చక్కగా పనిచేస్తూ గింజని రాయిలా ఉంచుతుంది. మనుషులు పండించే సోయాలో అది కాస్త మారింది, అందుకని తొడుగు నీటిని పీలుస్తుంది.

అడవి మొక్కకి ఈ రాయితనం ఎందుకూ అంటారా? రోహిణి కార్తెలో ఎప్పుడో ఒక జల్లు పడుతుంది. నేల వాసన ఘుమఘుమలాడిపోతుంది. ఆ వాసన నమ్ముకుని గింజలన్నీ ఒక్కసారే మొలిచాయనుకోండి, ఆ వెనకే పదిహేను రోజులు ఎండ కాస్తే వంశం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. కొన్ని ఇప్పుడు, కొన్ని మృగశిరలో, కొన్ని పై ఏడు మొలిస్తే ఏదో ఒకటి దక్కుతుంది. ఉన్న బంగారమంతా ఒక్క పెట్టెలో పెట్టకుండా నాలుగుచోట్ల దాచుకునే ఇల్లాలి తెలివే ఇది. పొలంలో ఊదగడ్డి ఎంత పీకినా మళ్ళీ వస్తుందని రైతులు విసుక్కుంటారే, కారణం ఇదే. మొలిచినవి పీకాం, నిద్రపోతున్నవి లోపలే ఉన్నాయి.

మనిషి వ్యవసాయం మొదలుపెట్టాక కథ మారింది. చల్లిన గింజల్లో ముందు మొలిచినవే కోతకి అందుతాయి, వాటి గింజలే మళ్ళీ విత్తనాలకి దాస్తాం. బద్ధకపు గింజలు వెనకబడి కలుపులో కలిసిపోతాయి. ఎవరూ పనిగట్టుకుని ఆలోచించి చెయ్యలేదు. వేల ఏళ్ళు ఇలా జరిగేసరికి తొందరపాటు గుణమున్న జన్యువులే పొలాల్లో మిగిలాయి. మన మూటలో పెసలు ఒక్క రాత్రికి మొలుస్తున్నాయంటే ఆ పుణ్యం ఎందరో పాతకాలపు రైతులదీ, గాదెల్లో విత్తనం దాచిన వాళ్ళ ఇల్లాళ్ళదీ.

ఇప్పుడు తొడుగు దాటి లోపలికి వెళదాం. నీళ్ళు చక్కగా పీల్చుకుని కూడా మొలవని గింజలున్నాయి. అదే అసలైన నిద్ర. వ్యవసాయం వాళ్ళు నిద్రావస్థ అంటారు. గింజ లోపల రెండు హార్మోన్లు ఒకదాన్నొకటి లాగుతూ ఉంటాయి. ఒకటి జోకొట్టేది, పేరు అబ్సిసిక్ ఆమ్లం. రెండోది నిద్రలేపేది, పేరు జిబ్బరెల్లిన్.

నిద్రలేపే హార్మోను ఎలా దొరికిందో చెప్పాలి, ఎందుకంటే అది వరి చేలోనే దొరికింది. జపాను వాళ్ళ వరినారులో ఒక తెగులుండేది. నారు పిచ్చిపట్టినట్టు పొడుగ్గా పాలిపోయి పెరిగి, కొన్నాళ్ళకి వాలిపోయేది. దాన్ని వాళ్ళు బకానె అనేవారు, తెలివితక్కువ నారు అని అర్థం. కురొసావా అనే శాస్త్రవేత్త 1926లో, ఆ తెగులు తెచ్చే బూజు ఊరిన నీళ్ళు పోసినా చాలు నారు అలాగే పెరుగుతోందని కనిపెట్టాడు. బూజు తయారుచేసే ఆ పదార్థమే జిబ్బరెల్లిన్. తరవాత తెలిసిందేమిటంటే మొక్కలు కూడా తమంతట తాము దాన్ని తగుమాత్రం తయారుచేసుకుంటాయని. వడ్లగింజ నానగానే బిడ్డ దగ్గర్నించి ఈ జిబ్బరెల్లిన్ బయల్దేరి చద్దిమూట చుట్టూ ఉన్న పొరకి కబురు చెబుతుంది. ఆ పొర ఒక రసాన్ని విడుస్తుంది. అది పిండిని కరిగించి చక్కెర చేస్తుంది. రాగులు మొలకట్టి ఎండబెట్టి విసిరిన పిండి జావ కాస్తే పంచదార వెయ్యకుండానే తియ్యగా ఉంటుంది కదూ, ఆ తీపి ఇదే.

జోకొట్టే హార్మోను సంగతి మొక్కజొన్న వల్ల బాగా తెలిసింది. మొక్కజొన్నలో కొన్ని లోపమున్న వంశాలున్నాయి. వాటి గింజలు కండె మీదుండగానే, ఇంకా చెట్టునించి విరవకముందే మొలిచిపోతాయి. వాటిలో కొన్ని రకాల గింజలు పసుపు లేకుండా తెల్లగా పాలిపోయి ఉంటాయి. పసుపుకీ నిద్రకీ ఏమిటి సంబంధం? క్యారట్‌కి రంగునిచ్చే జాతి పదార్థాలున్నాయే, వాటినించే మొక్క అబ్సిసిక్ ఆమ్లం తయారుచేసుకుంటుంది. ఆ రంగు పదార్థం చేసే జన్యువు చెడితే జోకొట్టే హార్మోను కూడా లేకుండాపోతుంది, గింజ నిద్రపోదు. ఇంకో వంశం ఉంది, వి.పి.1 అని దాని జన్యువుకి పేరు. అందులో హార్మోను ఉంది గాని గింజ దాని మాట వినదు. ఉత్తరం రాయనివాళ్ళు కొందరు, ఉత్తరం వచ్చినా విప్పి చదవనివాళ్ళు కొందరు. ఫలితం మాత్రం ఒకటే.

ఒక గుణం వంశంలో వస్తోందని ఎలా రుజువు చేస్తారని మా పక్కింటి పిన్నిగారు అడిగారు. మంచి ప్రశ్న. ఒక్క మొక్కని చూస్తే తెలీదు, రెండు వంశాలకి పెళ్ళి చెయ్యాలి. మన ఆవాల కుటుంబంలోనే అరబిడాప్సిస్ అని జానెడు కలుపుమొక్క ఉంది. తినడానికి పనికిరాదుగాని ఆరేడువారాల్లో చల్లిన గింజ మళ్ళీ గింజనిస్తుంది. అందుకని శాస్త్రవేత్తలకి మహా ఇష్టం. యూరప్‌లో పుట్టిన ఒక రకం త్వరగా నిద్రలేస్తుంది. ఆఫ్రికాకి పడమట సముద్రంలో ఉన్న కేప్ వెర్డె దీవులనించి తెచ్చిన రకానిది కుంభకర్ణుడి నిద్ర. నెలల తరబడి పొడిగా దాచితేగాని మొలవదు. హాలెండ్ శాస్త్రవేత్త కూర్నీఫ్, ఆయన సహచరులు ఈ రెంటినీ కలిపి, మనవళ్ళూ మునిమనవళ్ళ తరం దాకా పండించి, ఒక్కొక్క వంశం గింజలూ ఎన్నాళ్ళకి మొలుస్తున్నాయో లెక్కకట్టారు.

ఒక్క జన్యువే అయితే తొందరవీ బద్ధకంవీ అని రెండు గుంపులుగా తేలిపోవాలి. అలా తేలలేదు. ఆ చివర్నించి ఈ చివరిదాకా అన్ని రకాల ఆలస్యాలూ వచ్చాయి. అంటే చాలా జన్యువుల చెయ్యి ఉందన్నమాట. వాటిలో అన్నింటికన్నా బలమైనదాన్ని 2006లో విడదీసి పట్టుకున్నారు. దానికి డాగ్-1 అని పేరు పెట్టారు. కుక్క కాదండోయ్! "డిలే ఆఫ్ జెర్మినేషన్", అంటే మొలక ఆలస్యం, దానికి పొడి అక్షరాలు. ఈ జన్యువు గింజ పండేటప్పుడు ఒక ప్రోటీనుని చేసి లోపల పెడుతుంది. అది ఎంత ఎక్కువుంటే నిద్ర అంత దీర్ఘం. గింజని పొడిగా దాచినకొద్దీ ఆ ప్రోటీను మెల్లగా మారిపోయి పట్టు వదిలేస్తుంది. కీ ఇచ్చిన అలారం గడియారం లాంటిదనుకోండి. ఇంకో తమాషా. గింజ పండే రోజుల్లో తల్లి మొక్క చలిలో ఉంటే ఈ నిద్ర మరింత గాఢమవుతుంది. తల్లి పడిన చలి బిడ్డకి గుర్తుంటుంది. కనక అంతా జన్యువుల రాతే అని కూడా అనడానికి లేదు. రాత జన్యువులది, దాన్ని గట్టిగా చదవాలా మెల్లిగా చదవాలా అన్నది ఆ ఏటి వాతావరణం.

ఇక మన అన్నం దగ్గరికి వద్దాం.

ఎర్రబియ్యం చూశారు కదా. ఊక తీస్తే లోపల గింజమీద ఎర్రటి పొర ఉంటుంది. మొదట్లో అడవి వరి అంతా అలాగే ఉండేది. ఆ రంగుకి కారణమైన జన్యువు పేరు ఆర్.సి. అందులో 14 అక్షరాలు రాలిపోవడం వల్ల తెల్లబియ్యం పుట్టిందని అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు 2006లో చూపించారు. అక్షరాలంటే జన్యువు రాసి ఉండే భాషలోని అక్షరాలు లెండి. వాళ్ళు పరీక్షించిన తెల్లబియ్యపు రకాల్లో నూటికి 97కి పైగా అవే 14 అక్షరాలు లేవట. అంటే ఎక్కడో ఎప్పుడో ఒక్కసారి జరిగిన పొరపాటుని మనుషులు ముచ్చటపడి, చేతులు మార్చుకుంటూ దాదాపు ప్రపంచమంతా పంచుకున్నారు. అన్నం మల్లెపువ్వులా ఉందని మనం మురుసుకునేది ఆ రాలిపోయిన అక్షరాల చలవే.

2011లో సౌత్ డకోటా స్టేట్ యూనివర్సిటీలో ఇంకో సంగతి బయటపడింది. అదే ఆర్.సి. జన్యువు గింజకి రంగు వెయ్యడంతో ఊరుకోదు, జోకొట్టే హార్మోనుని కూడా పెంచుతుంది. ఎర్రపొరా నిద్రా ఒక్క చేతి పనే. వరిచేలల్లో కలుపులా మొలిచే ఎర్రవరిని చూస్తే ఇది అర్థమవుతుంది. కోతకి ముందే గింజ రాల్చేస్తుంది, మట్టిలో నిద్రపోతుంది, రెండేళ్ళకి కూడా లేస్తుంది. విత్తనం చేలల్లో కేళీలు ఏరేవాళ్ళకి దానితో ఉన్న బాధ అంతా ఇంతా కాదు. రంగు వద్దని మనం తెల్లదాన్ని ఏరుకున్నప్పుడు, రంగుతోపాటు కొంత నిద్రనీ మనకి తెలియకుండానే వదిలేశాం. గోధుమల్లో కూడా ఇంతే. ఎర్రగింజ గోధుమ నిద్ర ఎక్కువ, తెల్లగింజ తడిస్తే తొందరగా మొలుస్తుంది.

నిద్ర తగ్గితే మనకేం నష్టం అనుకోవచ్చు. నష్టం నవంబరు, డిసెంబరు నెలల్లో తెలుస్తుంది. కృష్ణా గోదావరి డెల్టాల్లో సార్వా పంట కోతకొచ్చేదీ అప్పుడే, బంగాళాఖాతంలో తుపానులు లేచేదీ అప్పుడే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా మేనమామగారిది తెనాలి దగ్గర పల్లె. కోసి పనలమీదున్న చేను అలాగే నీళ్ళల్లో తేలింది. నీళ్ళు తీశాక పనలు తిరగేస్తే కంకులకి పచ్చగా మొలకలు. ఏడాది కష్టం, పెట్టుబడి, అప్పు అన్నీ ఆ మొలకల్లోనే ఉన్నాయి. ఒకసారి మొలక మొదలైందంటే, ఇందాక చెప్పిన రసం లోపలి పిండిని కరిగించేస్తుంది. మర పట్టిస్తే గింజ నిలవదు, నూక అవుతుంది. నిలవుంటే ముక్క వాసన. ధర తెగిపోతుంది. మన మూటలో పెసలకి ఏ తొందర ముద్దో, ఆ చేలో వడ్లకి అదే తొందర శాపమైంది.

అదే తుపానులో అదే నీళ్ళల్లో తడిసినా, రకాన్నిబట్టి ఒక చేను ఎక్కువగా, ఒక చేను తక్కువగా మొలుస్తుంది. కొన్ని వరి రకాలకి కోతనాటికి నిద్ర అసలుండదు, కొన్నింటికి రెండు మూడు వారాలుంటుంది, కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఈ తేడాలో ఒక ముఖ్యమైన జన్యువుని జపాను వాళ్ళు 2010లో పట్టుకున్నారు. ఎస్.డి.ఆర్.4 అని పేరు. బాగా నిద్రపోయే కసలత్ అనే మన దేశపు రకాన్నీ, త్వరగా మొలిచే వాళ్ళ నిప్పొంబరే రకాన్నీ కలిపి దీన్ని వెతికారు. నిద్రనిచ్చే బలమైన రూపం కసలత్‌లో ఉంది, బలహీనమైన రూపం నిప్పొంబరేలో ఉంది. ఇంకా విశేషమేమిటంటే ఈ జన్యువుని నడిపించే పెద్ద జన్యువు, ఇందాక మొక్కజొన్నలో చెప్పుకున్న వి.పి.1కి వరిలో ఉన్న చుట్టమే. ఉత్తరం చదవని వంశం అన్నానే, అదే. మొక్కజొన్న ఎక్కడ, వరి ఎక్కడ! గడ్డిజాతులన్నీ ఒక ఇంటి పిల్లలే మరి.

అయితే నిద్ర ఎక్కువున్న రకాలే వేసుకుంటే సరిపోదా? సరిపోదు. ఇక్కడే మెలిక. సార్వా కోసిన కొద్దివారాలకే దాళ్వాకి నారు పొయ్యాలి. ఆ విత్తనమే వాడదామంటే గింజ ఇంకా గాఢనిద్రలో ఉంటుంది. నానబెట్టి మండె కడితే సగం మొలిచి సగం మొలవక నారుమడి అతుకులబొంతలా వస్తుంది. అప్పుడు రైతులు లీటరు నీటికి ఆరునించి పది మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం కలిపి, అందులో విత్తనాన్ని ఒక రోజు నానబెట్టి, కడిగి మండె కడతారు. నిద్ర వదులుతుంది. ఇది పొలం పని సుమండీ. నత్రికామ్లం చెయ్యి కాల్చేస్తుంది, ఇంట్లో తొట్టెలకోసం ఎవరూ ప్రయత్నించకండి. దీనికి తలకిందులు ఉపాయం కూడా ఉంది. తుపానుకి పడిపోయిన చేనుమీదా పనలమీదా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఉప్పు తగిలిన గింజ నీళ్ళు తేలిగ్గా పీల్చలేదు, మొలక కొన్నాళ్ళు ఆగుతుంది. మామిడిముక్కలకి ఉప్పేసి నిలవబెట్టే మనకి ఈ కిటుకు వింతగా అనిపించదు.

కనక రైతుకి కావలసింది నిద్ర ఉండడమా లేకపోవడమా కాదు, కొలిచినట్టు రెండు మూడు వారాల నిద్ర. తుపాను గండం గడిచేదాకా ఉండి, నారుపోసే వేళకి తనంతట తను వదలాలి. ఇంత సన్నటి లెక్క ఒక్క జన్యువుతో కుదరదు. అందుకే నిద్రనిచ్చే జన్యువుల్లో ఒక్కొక్కటి ఎన్నాళ్ళు ఆపుతుందో కొలుచుకుంటూ, కావలసినవాటిని ఏర్చి కొత్త రకాల్లోకి చేర్చే పని సాగుతోంది. 2022లో చైనా శాస్త్రవేత్తలు వరిలో ఒక జంటని వెల్లడించారు. ఎస్.డి.6 అనేది నిద్ర వదిలించేది, ఐ.సి.ఇ.2 అనేది నిద్ర పట్టించేది. వెచ్చగా ఉంటే మొదటిదాని మాట చెల్లుతుంది, చలిగా ఉంటే రెండోదాని మాట. ఎస్.డి.6ని కత్తిరించి పనిచెయ్యకుండా చేస్తే కంకిమీద మొలకలు తగ్గాయట.

తొందరకి కూడా గిరాకీ పెరిగింది. కూలీలు దొరక్క నాట్లు మానేసి, గింజనే చేలో వెదజల్లే రైతులు ఎక్కువవుతున్నారు. అక్కడ గింజ కలుపుకన్నా ముందు లేవాలి. తెలంగాణలో యాసంగి నారుమళ్ళు చలికి లేవకపోవడం మరో బాధ. జపాను ఉత్తరాన హొక్కైడోలో చలి ఇంకా ఎక్కువ. అక్కడివాళ్ళు ఇటలీనించి వచ్చిన ఒక వరిరకం చలిలో కూడా చప్పున మొలవడం చూసి, దాని వెనకున్న జన్యువుని 2008లో పట్టుకున్నారు. గింజ చుట్టూ ఉండే పొరలు త్వరగా మెత్తబడేలా చేస్తుందది. నిద్ర వేరు, లేచాక నడిచే వేగం వేరు అని దీనివల్ల తెలుస్తోంది. నిద్రలేచీ లేవగానే పనిలో పడేవాళ్ళున్నారు, లేచి గంటసేపు మంచంమీద కూర్చునేవాళ్ళూ ఉన్నారు. మన ఇళ్ళల్లో రెండు రకాలూ ఉంటాయి, పేర్లు చెప్పక్కర్లేదు.

చివరికి మన డాబామీది తొట్టెల మాట. మెంతులు రెండు మూడు రోజుల్లో మొలుస్తాయి. ధనియాలు వారం దాటి, ఒక్కోసారి మూడువారాలు తీసుకుంటాయి. అది వాటి జాతి నడక, విత్తనం అమ్మినవాడిని తిట్టకండి. ధనియం అంటే ఒక గింజ కాదు, రెండు గింజలు కలిసున్న కాయ. చెప్పుతో మెల్లిగా నలిపి రెండుగా విడదీసి చల్లండి. ఇంట్లో పండిన కాయలనించి తీసిన విత్తనమైతే చల్లేముందు లెక్కపెట్టి నూరు గింజలు తడిగుడ్డలో చుట్టిపెట్టి చూడండి. సగం కూడా మొలవకపోతే పారెయ్యకండి. నీడన ఆరబెట్టి మూడువారాలాగి మళ్ళీ నూరు పెట్టండి. రెండోసారి ఎక్కువ మొలిస్తే మొదటిసారి నిద్రలో ఉన్నాయని అర్థం. రెండోసారీ అంతే అయితే ప్రాణంలేనివి, లేదా రాతిగింజలు. మొక్కల వాళ్ళకి వడ్లకోసం పద్నాలుగు రోజులు ఓపికపట్టి లెక్కకట్టడం నియమం, మనం రెండోరోజే తొందరపడిపోతాం.

కరివేపాకు గింజ ఒక్కటి మాత్రం ఈ లెక్కలోకి రాదు. దానికి దాచుకునే నిద్ర లేదు, ఎండితే ప్రాణం పోతుంది. నల్లగా పండిన కాయ కోసిన రోజునే గుజ్జు కడిగేసి తొట్టెలో వెయ్యాలి.